మీ మామిడి కొమ్మ కొట్టించాను, తిట్టుకోకు

శుక్రవారం, దీపాలు పెట్టే వేళ

ఒరేయ్ రమణా,

అసలు సంగతి ముందు చెప్పేస్తా, తర్వాత తీరిగ్గా తిట్టుకో. మీ పెరట్లో మామిడిచెట్టు తూర్పు కొమ్మ ఈ పొద్దున కొట్టించాను. అవును, మీ నాయన ఉలవపాడు నుంచి బస్సులో ఒళ్ళో పెట్టుకుని తెచ్చిన ఆ బంగినపల్లి చెట్టుదే. నిన్ను అడిగే చేయిద్దామని నాలుగుసార్లు ఫోన్ చేశా. నువ్వేమో నాలుగుసార్లూ 'మీటింగ్‌లో ఉన్నా' అని ఒకటే మెసేజ్. తుఫాను వస్తోందని ఈ రెండు రోజులూ ఊళ్ళో చెట్టెక్కే మనిషి దొరకడమంటే మాటలు కాదు, అందరికీ అతనే కావాలి. మా కొబ్బరిచెట్ల ఎండుమట్టలు, ముదురు కాయలు దించడానికి వచ్చినతన్ని అట్నుంచి అటే మీ గోడ దూకించాను.

ఆ కొమ్మంటే రెండేళ్ళుగా నాకు గుబులే. కరెంటు తీగ మీదికి ఒరిగి, కొస వచ్చి మా గొడ్లసావిడి రేకులకి తగులుతోంది. మామూలు గాలికే రాత్రంతా గరగరమని గీరుతుంది. లైన్‌మన్‌ని బతిమాలి అరగంట సప్లై ఆపించి కొట్టించాం. పనిలో పనిగా మిగతా గుబురు కూడా పలచన చేయించా. గాలి దూరిపోవడానికి సందు లేకపోతే చెట్టు తెరచాపలా గాలిని పట్టేసి వేళ్ళతో సహా లేస్తుందట, ఆ చెట్టెక్కినతను చెప్పాడు. నరికిన చోట పేడ మెత్తాను. పెద్దమ్మకి మాత్రం నువ్వే చెప్పు. ఆమెతో ఈ మాట చెప్పడం నా వల్ల కాదు.

ఇక తుఫాను సంగతి. హైదరాబాదులో కూర్చుని టీవీలో ఆ ఎర్రటి సుడి చూస్తూ మాకంటే ఎక్కువ టెన్షన్ పడుతుంటావు. దానికింకా పేరు పెట్టలేదు, వాయుగుండంగానే ఉంది. గాలి గంటకి 62 కిలోమీటర్లకి చేరితేనే తుఫాను అంటారు, పేరు అప్పుడే. 89కి చేరితే తీవ్ర తుఫాను, 118 అయితే అతి తీవ్ర తుఫాను. ఎల్లుండికి తీవ్ర తుఫాను కావచ్చని చెబుతున్నారు. మన నెల్లూరు కృష్ణపట్నం రేవులో ఒకటో నంబరు హెచ్చరిక పెట్టారు. చిన్నప్పుడు రేడియోలో 'పదో నంబరు ప్రమాద హెచ్చరిక' అని వినగానే బడికి సెలవని మనిద్దరం పదికి పది మార్కులొచ్చినట్టు ఎగిరాం, గుర్తుందా? మీ నాయన వీపు మీద ఒక్కటిచ్చి, పదంటే తుఫాను ఆ రేవు మీదుగానో దాని పక్కగానో దాటబోతోందని అర్థం చెప్పారు. ఆ దెబ్బ వల్లే నాకు ఇప్పటికీ మర్చిపోకుండా ఉంది.

ఆయన గాలి లెక్క ఇంకొకటి చెప్పేవారు, పొద్దుట్నుంచి నేను దాన్నే పట్టుకుని తిరుగుతున్నా. మొదట గాలి ఉత్తరం నుంచి మొదలవుతుంది. అది పడమటికి తిరిగిందంటే తుఫాను మనకి పైన, బాపట్ల వైపు పోతున్నట్టు. తూర్పుకి తిరిగిందంటే మనకి కింద దాటుతున్నట్టు, అప్పుడు సముద్రాన్ని మన మీదికే తోసుకొస్తుంది. తుఫాను గడియారం ముల్లుకి ఎదురు తిరుగుతుంది కాబట్టి ఇట్టా అవుతుందని నేను కాలేజీలో చదువుకున్నా, ఆయన ఏ కాలేజీకీ పోకుండానే చెప్పారు. 1984 నవంబరులో శ్రీహరికోట దగ్గర దాటిన తుఫాను గురించి చెప్పేటప్పుడు 'తూర్పు గాలిరా, తూర్పు గాలి' అని రెండుసార్లు అనేవారు. అదే 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుఫాను బాపట్ల దగ్గర దాటినప్పుడు ఇక్కడ గాలి పడమటికి తిరిగింది. నా దగ్గర సాక్ష్యం కూడా ఉంది. మా డాబా మీది ట్యాంకు మూత ఎగిరి తూర్పున మూడో చేలో పడింది. వారం తర్వాత ఆ చేను ఆసామి దాంట్లో బర్రెకి కుడితి పోస్తుంటే చూసి తెచ్చుకున్నా.

ఒకవేళ సరిగ్గా మన నెత్తి మీదుగా దాటితే మాత్రం నడిమధ్యలో గాలి ఉన్నట్టుండి ఆగిపోతుంది. వాన కూడా వెలుస్తుంది. హమ్మయ్య అని బయటికొచ్చావా, కాసేపటికి ఎదురు దిక్కునుంచి అంతకంత కొడుతుంది. మా పాపకి ఈ మాట మూడుసార్లు అప్పజెప్పించుకున్నా. 'మరి అప్పుడు బాత్‌రూమ్‌కి కూడా పోకూడదా నాన్నా?' అంది. మన బాత్‌రూమ్ పెరట్లో ఉంది కదా. దానికి నా దగ్గర జవాబు లేదు.

మిచౌంగ్ అప్పుడు నేను చేసిన తెలివితక్కువ పనులు ఒకటా రెండా. పాల ప్యాకెట్లు పది తెచ్చి ఫ్రిజ్‌లో పెట్టా, సాయంత్రానికి కరెంటు పోయింది, మర్నాటికి అమ్మ వాటితో పన్నీరు చేయబోయి అదీ కుదరక గేదెకి పోసింది. ఇన్వర్టర్ ఉందని ధీమాగా ఉంటే బ్యాటరీలో నీళ్ళు లేవు. డాబా మీద తూములు చూసుకోలేదు. వేపాకు అడ్డం పడి జానెడు నీళ్ళు నిలబడి తెల్లారేసరికి నడవలో గోడ చెమర్చింది, ఆ మచ్చ ఇంకా పోలేదు. అందుకే ఈసారి తూములు నేనే చెయ్యి పెట్టి తీశా. పోయిన వేసవిలో నీ కొడుకు పోగొట్టుకున్నానని ఏడ్చిన బంతి దాంట్లో దొరికింది. దాచిపెట్టా. ట్యాంకు నిండా నీళ్ళు పట్టా. కరెంటు పోతే మోటారు తిరగదు, పైగా ఆ నీళ్ళ బరువుకి ట్యాంకు కదలదు. మూతని నైలాన్ తాడుతో అడ్డం నిలువు కట్టేశా. సావిడి రేకుల మీద ఇసక మూటలు పెట్టాం. గడ్డివామి మీద పట్టా కప్పి నాలుగు వైపులా రాళ్ళు వేలాడగట్టాం. గాలి ముదిరితే గొడ్లకి తలుగులు విప్పేస్తా. ఈ మాట కూడా మీ నాయనదే. కట్టేసి ఉంచితే కొట్టం కూలి దాని కింద పోతాయి, వదిలేస్తే అవే ఏ మెరక మీదో నిలబడతాయి అనేవారు.

నా అసలు తలనొప్పి ఇవేవీ కాదు. వరి విత్తనాలు నానబోసేశా! బుధవారం టీవీలో అల్పపీడనం అన్నారు, అల్పపీడనాలు వారానికొకటి వస్తూనే ఉంటాయి కదా అనుకున్నా. నెల్లూరు మసూరి, మన 34449 రకమే. ఒక రోజు నాని, ఒక రోజు గోనెల్లో కుక్కి మండె కట్టి, ఈ పొద్దునకి చక్కగా ముల్లులాగా మొలక వచ్చింది. చూస్తే ముద్దొస్తోంది, చల్లితే చచ్చిపోతుంది. రేపు నారుమడిలో చల్లితే ఆదివారం వానకి మొత్తం ఒక మూలకి కొట్టుకుపోతుంది. చల్లకపోతే మొలకలు పొడుగై చిక్కుపడి ఎందుకూ పనికి రావు. మండెలోనే ఉంచితే వేడెక్కి పాడవుతుంది. చివరికి గోనెలు విప్పి నడవలో, వసారాలో పలచగా పరిచాం. నీళ్ళు చిలకరిస్తూ నీడన ఉంచితే కొంత నిదానిస్తుంది. ఇంట్లో అడుగు పెట్టడానికి చోటు లేదు, మా ఆవిడ కాలివేళ్ళ మీద నడుస్తూ నా వైపు చూసే చూపు నీకు రాయలేను. సగం దక్కినా చాలు. లేదంటే మళ్ళీ విత్తనం కొనాలి, తుఫాను తర్వాత ఊరంతా కొనేదీ అప్పుడే, రేటు ఎట్టా ఉంటుందో నీకు తెలుసు.

వానలు పడకుండా ఉండాలని కూడా అనలేం రా. ఏడాది వానలో సగానికి పైగా మనకి ఈ మూడు నెలల్లోనే పడాలి. తుఫాన్లు లేని ఏడు చెరువు అడుగు కనబడుతుంది. రావాలి, కానీ మర్యాదగా రావాలి.

అమ్మ సంగతి చెప్పలేదు. మధ్యాహ్నం నేను డాబా మీద మూతలు కట్టుకుంటుంటే కింద నూనె వాసన. దిగొచ్చి చూస్తే మురుకులు. 'తుఫాను వస్తుంటే పండగలా ఈ వంటలేమిటే' అంటే 'గాలి ఆగేదాకా ఆకలి ఆగుతుందా, పొయ్యి రాజెయ్యలేనప్పుడు ఏం తింటావు' అంది. నిజమే. అటుకులు, బొరుగులు, బెల్లం, వేయించిన చల్లమిరపకాయలు డబ్బాలకెత్తింది. చింతపండు పులిహోర రేపు రాత్రికి కలుపుతుందట, మర్నాటికీ చెడదు. కార్తీక మాసం కాబట్టి చేపల పులుసు ఊసెత్తే ధైర్యం నాకు లేదు. ఎత్తినా చేపల్లేవు. ఇసకపల్లి వాళ్ళు నిన్ననే పడవలన్నీ పైకి లాగేశారు. పాసు పుస్తకాలు, ఆధార్, రేషన్ కార్డు అన్నీ ప్లాస్టిక్ కవర్లో చుట్టి బియ్యం డబ్బాలో పెట్టమంటే, అమ్మ వాటికంటే ముందు ఆవకాయ జాడీలు అటకెక్కించింది. తన బీపీ బిళ్ళలు మర్చిపోయింది. నేనే పోయి పదిహేను రోజులకి తెచ్చా.

మీ ఇంటికి మధ్యాహ్నం పోయా. వెనక వైపు కిటికీ రెక్క గొళ్ళెం పట్టడం లేదు, చెక్క అడ్డం పెట్టి మేకులు కొట్టేశా. మెయిన్ ఆపేశా. కింద ఉన్న పెట్టెలు మంచం మీదికెక్కించా. 2021 నవంబరులో మన వీధిలోకి నీళ్ళు రాలేదన్న ధైర్యం నాకు లేదు. అప్పుడు తుఫాను కూడా కాదు, చెన్నై దగ్గర దాటిన ఒట్టి వాయుగుండం. వాన కురిసింది ఎక్కడో కడప వైపు, అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగింది అక్కడ, పెన్న పొంగి కోవూరు మునిగింది ఇక్కడ. పడుగుపాడు దగ్గర రైలు పట్టాల కింద మట్టే మిగల్లేదు, హైవే తెగి లారీలు బారులు తీరాయి. నువ్వు ఆ రైల్లోనే రావాల్సింది, టికెట్ దొరక్క ఆగిపోయావు. అప్పట్నుంచి నాకు ఆకాశం కంటే పెన్న మీద భయం ఎక్కువ. మన కాలవ సంగతైతే చెప్పొద్దు. గుర్రపుడెక్క ఎట్టా ఉందో అట్టానే ఉంది. వేసవిలో పూడిక తీయమని నలుగురం పోయి అడిగాం, 'చూస్తాం' అన్నారు. చూస్తూనే ఉన్నారు. నిన్న ఊరి కుర్రాళ్ళు పదిమంది దిగి తూము దగ్గర మట్టుకు లాగేశారు.

రెండో నేరం కూడా ఒప్పుకుంటా. మీ అటక మీద మీ నాయన రేడియో కనబడింది, గుడ్డ సంచిలో. తీసుకొచ్చేశా. సెల్ టవర్లు పడుకుంటే మనకి లోకం తెలిసేది దాంతోనే. లోపల పాత సెల్లు ఒకటి కారి తుప్పు పట్టి ఉంటే ఇసక కాయితంతో గీకి, మూడు కొత్త సెల్లులు వేశా. మొదట ఏమీ లేదు. చెంప మీద కొట్టినట్టు ఒక్కటి కొడితే గరగరమంటూ విజయవాడ పలికింది. ఆయన కూడా అట్టానే కొట్టేవారు కదా. అమ్మ వంటింట్లోంచి 'ఎవర్రా అది' అంది. తుఫాను పోయాక మళ్ళీ సంచిలో కట్టి పెట్టేస్తా. నువ్వు వద్దంటే చెప్పు. వద్దన్నా ఈ నాలుగు రోజులు ఇవ్వను.

నువ్వు బయల్దేరి వస్తానని మాత్రం అనకు. రైళ్ళు రద్దు చేస్తే మధ్యలో ఇరుక్కుంటావు, నీ కోసం వెతకడం మాకో పని. పూరిపాకల వాళ్ళని రేపు పొద్దున బడిలోకి మారుస్తామని గ్రామ సచివాలయం వాళ్ళు వచ్చి చెప్పిపోయారు. మీ పాలేరు ముసలాయన కదలనంటున్నాడు, నేను మా వసారాలోకి రమ్మన్నా. విత్తనాలు ఎక్కడ జరపాలో చూడాలి. ఫోన్లు పనిచేయకపోతే కంగారుపడకు. ఒకట్రెండు రోజులు దొరకకపోవడం మామూలే. మరీ అయితే 1077కి, అంటే జిల్లా కంట్రోల్ రూముకి చేసి ఊరి పేరు చెప్పి అడుగు.

రాస్తుంటే ఒకసారి కరెంటు పోయి వచ్చింది. ఫోన్ 71 శాతం ఉంది, పవర్ బ్యాంకు నిండుగా ఉంది. ఇందాకే డాబా ఎక్కి చూసొచ్చా. వాన ఇంకా లేదు, మబ్బు మాత్రం పట్టింది, తూర్పున సముద్రం హోరు సన్నగా వినబడుతోంది. కొమ్మ లేక మీ చెట్టు ఒక పక్క బోసిగా ఉంది, అలవాటు పడాలి. మీ తాళంచెవి మా దేవుడి గూట్లో ఉంది.

గాలి ఇంకా ఉత్తరం నుంచే. తిరిగితే మెసేజ్ పెడతా. మీటింగ్‌లో ఉన్నా సరే, చూడు.

నీ
సుబ్బు