ఐసీఎఫ్ అంటే మన ఫ్యాక్టరీ అనుకున్నాను

విల్లివాక్కం,
ఆదివారం మధ్యాహ్నం

చి. సుధకి నాన్న ఆశీస్సులు.

ఇక్కడ అందరం క్షేమం. నువ్వు ఫోన్ చేసి 19 రోజులైంది. లెక్కపెట్టింది మీ అమ్మ, నేను కాదు. కోయంబేడు నుంచి మామిడికాయలు తెచ్చాను. ఆవకాయ ఇంకా ఊరలేదు, అయినా మీ అమ్మ నీ సీసా అప్పుడే వేరుగా తీసిపెట్టింది.

మొన్న పెళ్ళిలో వాసు కనిపించాడు. "సుధక్క నంది హిల్స్ దగ్గర ఏదో రిట్రీట్‌కి వెళ్తోందట కదా పెదనాన్నా, మూడు రోజులు ఫోన్లు కూడా తీసేసుకుంటారట" అన్నాడు, గులాబ్ జామ్ నములుతూ. నాకు ముందే తెలిసినట్టు తలూపాను. మీ అమ్మకి చెప్పలేదు. చెప్తే ఈ రాత్రికే రైలెక్కేస్తుంది.

ఆ రిట్రీట్ కాగితం వాసు నా ఫోన్‌కి పంపాడు. థెరపీ, కోచింగ్ రెండూ ఒకేచోట అని ఉంది. కింద 'ఐసీఎఫ్ సర్టిఫైడ్ కోచ్' అని ఉంది. 36 ఏళ్ళు రైలు పెట్టెల షెల్ షాపులో పనిచేసినవాణ్ణి, ఇంకేమనుకుంటాను? 1955లో నెహ్రూ వచ్చి ప్రారంభించిన మన పెరంబూరు ఇంటిగ్రల్ కోచ్ ఫ్యాక్టరీయే అనుకున్నాను. రైలు పెట్టెలు చేసేవాళ్ళకి మనసుతో పనేమిటా అని ఆ పూటంతా ఆలోచించాను. అది ఇంటర్నేషనల్ కోచింగ్ ఫెడరేషన్ అట, అమెరికాలో 1995లో పుట్టిందట. మనమే 40 ఏళ్ళు సీనియర్లం.

కోపం తెచ్చుకోకు, ఆ నంబరుకి ఫోన్ కూడా చేశాను. ఒక అమ్మాయి ఎత్తి "మీ వెల్‌నెస్ గోల్ ఏంటి సార్?" అంది. మోకాళ్ళు అన్నాను.

నేనేదో పాతకాలపు మనిషిని, ఇలాంటివంటే గిట్టదు అనుకుంటున్నావేమో. మీ రాజ్యం అత్త సంగతి నీకు సగమే తెలుసు. 1979లో బిడ్డ పోయాక అది నిద్రపోవడం మానేసింది. పగలంతా గుమ్మంలో కూర్చుని ఒకటే తువ్వాలు మడతపెట్టేది, విప్పేది, మళ్ళీ మడతపెట్టేది. మీ బామ్మ తాయెత్తులు కట్టించింది, వడపళని గుడికి తిప్పింది. కీల్పాక్ మానసిక ఆసుపత్రికి తీసుకెళ్దాం అని నేనంటే ఇంట్లో పెద్ద రభస. 1871 నుంచి అక్కడున్న ఆసుపత్రి, దాని పేరే మన వీధిలో తిట్టు. లీవు పెట్టి, ఎగ్మూరు కంటాసుపత్రికని అబద్ధం చెప్పి బస్సెక్కించాను. దిగగానే మా షాపు టైమ్‌కీపర్ ఎదురయ్యాడు! "చెల్లెలికి కంట్లో నలుసు పడింది" అన్నాను. ఆయన ఆసుపత్రి గేటు వైపు చూసి, మా వైపు చూసి, మాట్లాడకుండా వెళ్ళిపోయాడు. రిటైరయ్యేదాకా ఆ మాట ఎక్కడా ఎత్తలేదు, మహానుభావుడు.

లోపల డాక్టరమ్మ అడిగింది ఒకటే: "రాత్రి ఎన్ని గంటలు పడుకుంటున్నావమ్మా?" ఇంట్లో 11 మందిమి ఉండి ఆ మాట ఒక్కరం అడగలేదు. రాజ్యం అక్కడే ఏడ్చేసింది.

రెండోసారి వెళ్ళినప్పుడు నేను తొందరపడ్డాను. "టైలరింగ్‌లో చేర్పిస్తే మనసు మళ్ళుతుందేమో" అన్నాను. "ఇప్పుడొద్దు. ముందు నిద్ర రానివ్వండి, తర్వాత ఆమే అడుగుతుంది" అంది డాక్టరమ్మ. సంక్రాంతి వెళ్ళాక ఒకరోజు అన్నం తింటూ "అన్నయ్యా, కుట్టుమిషను ఎంతుంటుంది?" అంది. అప్పుడు చేర్పించాను. ఆ టీచరు మహా గట్టిది, రేపటికల్లా రెండు జాకెట్లు అంటే రెండే. కానీ రాజ్యం చేతులు వణికిన రోజున మాత్రం మిషన్ ఆపించి, డాక్టరుకి చూపించమని నాకు చీటీ పంపేది. నీ మొదటి స్కూలు యూనిఫాం కుట్టింది ఆ చేతులే.

ఎందుకు చెప్తున్నానంటే, రెండూ ఒకేచోట ఉంటే నాకేం అభ్యంతరం లేదు. పొద్దున నీ పాత గాయం విప్పించినవాళ్ళే మధ్యాహ్నం 'వచ్చే మూడు నెలల టార్గెట్ రాయండి' అంటారేమో, అదీ నా టెన్షన్. క్లినికల్ సైకాలజిస్టు అయితే ఆర్‌సీఐలో, అంటే రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాలో రిజిస్టరై ఉండాలి, నంబరు అడుగు. కోచ్ అని బోర్డు పెట్టుకోవడానికి మన దేశంలో ఏ లైసెన్సూ అక్కర్లేదు. అలాగని కోచ్‌లంతా దొంగలని కాదు, ఆ టీచరు కోచ్ కాకపోతే ఇంకేమిటి? పెట్టె అడుగున తుప్పు పట్టినప్పుడు పైన సీట్లకి కొత్త రెగ్జిన్ వేస్తే ఏం లాభం అని మా షాపులో అనేవాళ్ళం. నా బుర్ర ఇంకా అక్కడే తిరుగుతుంది.

డబ్బు మీ ఆఫీసు కడుతోందా? కడితే నువ్వు చెప్పిన మాటలు మేనేజరు దాకా వెళ్తాయా? ఆదివారం సాయంత్రం అందరినీ బస్సెక్కించి పంపేస్తారు. మంగళవారం రాత్రి రెండింటికి ఏడుపొస్తే ఎవరికి ఫోన్ చేస్తావు? 14416 రాసి పెట్టుకో. అది టెలీ మానస్, మనసు బాగోనప్పుడు మాట్లాడే ఫోన్ లైను, గవర్నమెంటుది, డబ్బులేం పడవు, తెలుగులో కూడా మాట్లాడతారు. నిమ్హాన్స్ మానసిక ఆసుపత్రి మీ బెంగళూరులోనే ఉంది, అబద్ధం చెప్పి బస్సెక్కాల్సిన పని లేదు. లెక్చర్ ఇవ్వకూడదనే మొదలుపెట్టాను, చూడు.

వెళ్ళు, వద్దనను. అక్కడ రాత్రిళ్ళు చలి, స్వెట్టరు పట్టుకెళ్ళు. ఎందుకు వెళ్తున్నావో నాకు చెప్పక్కర్లేదు. రాత్రి ఎన్ని గంటలు పడుకుంటున్నావో ఒక్క మెసేజ్ పెట్టు, చాలు.

వాసు బుధవారం బృందావన్ ఎక్స్‌ప్రెస్‌లో వస్తున్నాడు. సీసా మూతకి గుడ్డ కట్టాను, అడ్డంగా పడుకోబెట్టకు. కందిపొడి కూడా ఉంది. మీ అమ్మ కంటపడకుండా ఈ ఉత్తరం సీసా అడుగున పెడుతున్నాను. నూనె అంటితే ఏమీ అనుకోకు.

నాన్న