చలానా కట్టడం నిమిషం పని, కాదనడమో?

సంపాదకుల వారికి,

రెండు నెలల క్రితం నా మోటారు సైకిల్ నంబరు మీద ఒక ఈ-చలానా వచ్చింది. వెనుక కూర్చున్న వ్యక్తికి హెల్మెట్ లేదన్నది అభియోగం. జరిమానా 100 రూపాయలు, యూజర్ ఛార్జీలు 35 రూపాయలు. జతచేసిన ఫొటో తెరిచి చూస్తే, అందులో ఉన్నది ఎర్రటి స్కూటరు. నాది నల్ల మోటారు సైకిల్. ఆ స్కూటరు నడుపుతున్న అబ్బాయి కాళ్ల దగ్గర గ్యాస్ బండ ఉంది, వెనుక కూర్చున్నావిడ ఒక చేత్తో కొంగు సర్దుకుంటోంది. ఫొటోను పెద్దది చేస్తే అసలు సంగతి బయటపడింది. నంబరు ప్లేటులో చివరి అంకె 8. దాని ఎడమ పక్కన బురద అంటడంతో 3గా కనిపించి, ఆ 3 నా బండిది అయింది.

నేను జరిమానాలకు వ్యతిరేకిని కాను. గతంలో ఒకసారి సిగ్నల్ దగ్గర గీత దాటినందుకు చలానా వస్తే, తప్పు నాదే కనుక ఆ రాత్రే ఫోనులో కట్టేశాను. అందుకు నిమిషం కూడా పట్టలేదు. ఈసారి తప్పు నాది కాదని చెప్పడానికి మాత్రం నెలలు గడిచినా వీలు కావడం లేదు. ఆన్‌లైనులో ఫిర్యాదు పంపాను, జవాబు రాలేదు. ఆర్‌సీ నకలు పట్టుకుని కార్యాలయానికి వెళ్తే, అక్కడి ఉద్యోగి ఎంతో మర్యాదగానే, ‘‘చిన్న మొత్తమే కదా సార్, కట్టేస్తే గొడవ వదిలిపోతుంది’’ అని సలహా ఇచ్చారు. ఆ రోజు రానుపోను ఆటోకు అయిన ఖర్చే జరిమానాను మించిపోయింది. కోర్టుకు వెళ్లే హక్కు నాకు ఉన్నమాట నిజమే, విశ్రాంత ఉపాధ్యాయుణ్ణి కాబట్టి నాకు తీరికా ఉంది. కానీ రోజు కూలీ వదులుకుని 135 రూపాయల కోసం కోర్టు మెట్లెక్కే మేస్త్రీ ఎవరుంటారు? కట్టేస్తే మాత్రం, చేయని తప్పును రాజీ కింద ఒప్పుకున్నట్టే అవుతుంది.

కెమెరాల ఆధారంగా వేసే చలానాలకు కేంద్ర మోటారు వాహనాల నియమావళిలో 2021లో చేర్చిన 167ఎ నిబంధన ఉంది. ఉల్లంఘన జరిగిన 15 రోజుల్లోగా నోటీసు పంపాలనీ, ఉల్లంఘననూ నంబరు ప్లేటునూ స్పష్టంగా చూపే ఫొటో జతచేయాలనీ అది చెబుతోంది. నోటీసు గడువులోపే అందింది, అది ఒప్పుకోవాలి. స్పష్టత సంగతే వేరు. నిజానికి ఇక్కడ పెద్ద పరిశోధన అక్కరలేదు. వాహనం రంగు, కంపెనీ, మోడల్ రవాణా శాఖ రికార్డులో ఉన్నవే, ఆర్‌సీ మీద అచ్చయినవే. చలానా పంపే ముందు ఆ వివరాలను ఫొటో పక్కన పెట్టి చూస్తే, ఎర్ర స్కూటరు నల్ల మోటారు సైకిల్ ఎలా అయిందన్న అనుమానం ఎవరికైనా వస్తుంది. 2019 సవరణ చట్టం హెల్మెట్ ఉల్లంఘనకు పెట్టిన 1,000 రూపాయల జరిమానా వసూలు చేసే చోట ఇలాంటి ఒక్క అంకె పొరపాటు ఎంత బరువో చెప్పనక్కరలేదు.

మిత్రులను అడిగితే, ‘‘ఆగవయ్యా, డిస్కౌంటు ఇస్తారు’’ అంటున్నారు. వారి మాటా కొట్టిపారేయలేం. తెలంగాణలో 2022 మార్చిలో ద్విచక్ర వాహనాల పెండింగు చలానాల మీద 75 శాతం, 2023 డిసెంబరు చివర మొదలైన విడతలో 80 శాతం రాయితీ ఇచ్చారు. బకాయిలు వసూలయ్యాయేమో కానీ, వచ్చిన రోజే పూర్తిగా కట్టిన నాలాంటి వాళ్లు వెర్రివాళ్లుగా మిగిలారు. పేరుకుపోయిన ఆ చలానాల్లో ఎన్ని పొరపాటున పడ్డాయో తేల్చకుండా, తప్పు చేసినవాడికీ చేయనివాడికీ ఒకే రాయితీ ఇవ్వడం న్యాయం కాదు.

జరిమానా కట్టే మీట ఉన్న పేజీలోనే అభ్యంతరం చెప్పే మీట కూడా ఉండాలి. దాన్ని చలానా వేసినవారు కాక వేరే అధికారి పరిశీలించి, నిర్ణీత గడువులోగా కారణం రాసి జవాబివ్వాలి. అది తేలేదాకా ఆ చలానాను బకాయిగా చూపకూడదు. ఇది ఎందుకు అడుగుతున్నానంటే, గత వారం వాహన తనిఖీలో నన్ను ఆపి, పెండింగు ఉంది, కట్టమన్నారు. నేను ఫోను తీసి ఫొటో చూపించాను. ఆ యువ కానిస్టేబుల్ గ్యాస్ బండను, నా బండిని, నన్ను మార్చి మార్చి చూసి, ‘‘ఇది మీది కానే కాదు సార్’’ అని నవ్వి పంపేశారు. ఆయనకు అర నిమిషం పట్టింది. చలానా మాత్రం నేటికీ నా నంబరు మీదే ఉంది.

– ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, తెలంగాణ