ఆ ఎర్ర బటన్ మళ్లీ నొక్కొద్దు

చిరంజీవి బుజ్జమ్మకు నాన్న ఆశీస్సులు.

ఇక్కడ అందరం కులాసా. మీ అమ్మ సింహాచలం వెళ్లి నీ పేరున అర్చన చేయించింది. మనకి చలికాలమంటే సాయంత్రం బీచ్ రోడ్డు గాలికి చెవులకి గుడ్డ కట్టుకోవడమే. అమెరికాలో మీ కనెక్టికట్ చలి మాకేం తెలుస్తుంది?

ఆదివారం నీ ఫోను రాలేదు. పనుల్లో ఉన్నావనుకున్నాం. మీ ఇంట్లో ఆయిల్ హీటరు ఆగిపోతే అల్లుడుగారు ఎర్ర రీసెట్ బటన్ నొక్కి నొక్కి వెలిగించారని గాజువాక అత్త చెప్పింది. నీకు తలనొప్పి అని కూడా అంది.

ఆ బటన్ ఒక్కసారే నొక్కాలమ్మా. పంపు 100 పీఎస్ఐ (చదరపు అంగుళానికి 100 పౌండ్లు), ఆపైన ఒత్తిడితో ఆయిల్‌ని నాజిల్లోకి తోస్తే అది సన్నని తుంపరగా చిమ్ముతుంది. ఎలక్ట్రోడ్ల మధ్య వేల వోల్టుల నిప్పురవ్వ దాన్ని అంటిస్తుంది. మంట వెలుగు కనపడకపోతే క్యాడ్ సెల్ అనే మంటను కనిపెట్టే కన్ను బర్నర్‌ని లాకౌట్ చేయిస్తుంది, అంటే ఆపేయిస్తుంది. మనం నొక్కిన ప్రతిసారీ కాలని ఆయిల్ లోపల చేరుతుంది.

మల్కాపురంలో పనిచేసేటప్పుడు చూశాను. నైట్ షిఫ్టు, స్టీము కావాలని పైనుంచి ఒకటే తొందర. బాయిలర్ లాకౌట్ అయింది. హెల్పరు కుర్రాడు రీసెట్ నొక్కాడు, అంటుకోలేదు. మళ్లీ నొక్కాడు. బ్లోయర్‌తో లోపలి ఆయిల్ ఆవిరి బయటికి తోలకుండా మళ్లీ. నేను అరుస్తూ పరిగెత్తేసరికి ఢామ్మని అంటుకుని ముందు తలుపు ఊడొచ్చింది. వాడి కనుబొమలు కాలిపోయాయి, దేవుడి దయవల్ల కళ్లు దక్కాయి. తీరా చూస్తే నాజిల్‌కి కార్బన్ పట్టేసింది, అంతే. ఆ తెల్లారి మసి మొహంతో ఇంటికొస్తే నన్ను చూసి జడుసుకుని నాయనమ్మ కొంగులో దూరావు.

అందుకే ఏడాదికోసారి, చలి ముదరకముందే సర్వీసు చేయించాలి. నాజిలూ ఫిల్టరూ మార్చాలి, ఎలక్ట్రోడ్ల గ్యాప్ సరిచెయ్యాలి, లోపలి మసి బ్రష్‌తో తీయాలి, చిమ్నీ చూడాలి. ట్యాంకు పావు వంతుకి దిగకముందే ఆయిల్ పోయించు. పూర్తిగా అయిపోతే అడుగు మడ్డి లైన్లోకి వస్తుంది, గాలి చేరుతుంది.

తలనొప్పి ఇంకా ఉందా? ఇంట్లో ఉంటే వచ్చి బయటికెళ్తే తగ్గుతోందా? హీటరు సరిగా మండకపోతే వచ్చే విషవాయువు కార్బన్ మోనాక్సైడ్‌కి వాసనుండదు తల్లీ. పడకగదుల దగ్గర అలారం ఉందో లేదో ఇవాళే చూడు. అది మోగితే కిటికీలు తెరుస్తూ కూర్చోకుండా పిల్లాణ్ణి ఎత్తుకుని బయటికి వచ్చేసి 911కి చెప్పండి.

మెకానిక్ వచ్చి వెళ్లాక అతనిచ్చే సర్వీసు కాగితం ఫొటో తీసి పంపు, నేను చూస్తాను. మీ అమ్మ కందిపొడి పార్శిల్ కడుతోంది. అర్ధరాత్రయినా ఫర్వాలేదు, ఫోను చెయ్యి.

మీ నాన్న