జైలు గేటు దాటిన మొదటి రెండు వారాలు

సంపాదకులకు,

మత్తుకు బానిసై దొంగతనాలకు దిగినవాళ్లను జైల్లో వేస్తే సమస్య తీరిపోయిందనుకుంటున్నాం. తీరదు. లోపల ఉన్నన్నాళ్లు మత్తు అందకపోయినా కోరిక చావదు. మత్తుమందును తట్టుకునే శక్తి మాత్రం శరీరానికి తగ్గిపోతుంది. బయటికొచ్చాక పాత మోతాదే తీసుకుంటారు. హెరాయిన్ లాంటి వాటి విషయంలో అదే ప్రాణం తీస్తుంది. విడుదలైన తొలి రెండు వారాల్లోనే ఈ ముప్పు బాగా ఎక్కువని పరిశోధనలు చెబుతున్నాయి. శిక్ష పూర్తిచేసుకుని ఇంటికొచ్చిన కొడుకు పక్షం తిరగకుండానే పోతే ఆ తల్లికి ఏం చెబుతాం?

హెరాయిన్ లాంటి వాటి వ్యసనానికి చికిత్సగా ఇచ్చే మెథడోన్, బ్యూప్రెనార్ఫిన్ మందులను ప్రపంచ ఆరోగ్య సంస్థ 2005లోనే అత్యావశ్యక ఔషధాల జాబితాలో చేర్చింది. అయినా చాలా జైళ్లలో అవి దొరకవు. దొరికినచోటా విడుదల రోజుతో చికిత్స తెగిపోతే ఇంకేం లాభం? 1989లో అమెరికాలోని మయామీలో మొదలైన డ్రగ్ కోర్టు పద్ధతిలోనైతే జైలుకు బదులు జడ్జి పర్యవేక్షణలోనే చికిత్స నడుస్తుంది.

ఆ దొంగతనాల్లో నష్టపోయినవాళ్ల కోపం న్యాయమైనదే, నేను కాదనను. అయితే అదే మనిషి మళ్లీ అదే నేరం చేయకపోవడం వాళ్లకూ కావాలి కదా. గేటు దాటే రోజున కొన్నాళ్లకు సరిపడా చికిత్స మందులు, చూడాల్సిన డాక్టరు వివరాలు, తలదాచుకునే చోటు చూపించి పంపాలని అధికారులను వేడుకుంటున్నాను.

- ఒక పాఠకురాలు