నువ్వు చెప్పిన క్లైమాక్స్ ఆ సినిమాలో లేదు

మహారాణిపేట, విశాఖపట్నం
ఆదివారం రాత్రి

ఒరేయ్ బావా,

కుశల ప్రశ్నలు తర్వాత. ముందు నువ్వొక సంజాయిషీ ఇచ్చుకోవాలి. జపాన్ దర్శకుడు ఓజు తీసిన ‘టోక్యో స్టోరీ’ చివర్లో నువ్వు చెప్పిన వాన లేదు. ప్లాట్‌ఫారం మీద ఒంటరిగా మిగిలిపోయిన ముసలాయన లేడు. రొప్పుకుంటూ ఆయన దగ్గరికి పరిగెత్తుకొచ్చే కొడుకు అసలే లేడు. నిన్న రాత్రి మా డాబా మీద దుప్పటి కట్టి 136 నిమిషాలూ చూశాను. ఇరవై ఎనిమిదేళ్లు నమ్మించావు కదరా!

నీకు గుర్తుండదు, నేనే చెబుతాను. 1996. ఆర్కే బీచ్‌లో కాళీమాత గుడికి కాస్త ఇవతల గట్టు మీద కూర్చున్నాం. చేతుల్లో మురీ మిక్స్చర్ పొట్లాలు. డబ్బులు నువ్వే ఇచ్చావు, మద్రాసులో మీ పిన్నిగారింటి నుంచి అప్పుడే దిగావు కాబట్టి. అక్కడ ఏదో ఫిల్మ్ సొసైటీలో ఓజు సినిమా చూశానని మొదలుపెట్టావు. ముసలి దంపతులు పిల్లల్ని చూడటానికి పట్నం వెళ్లడం, పిల్లలకి తీరిక లేకపోవడం, చివరికి స్టేషన్లో వాన, ముసలాయన జేబులోంచి వాచీ తీసి కోడలి చేతిలో పెట్టడం, రైలు కదలడం. చెబుతూ చెబుతూ గొంతు కూడా మార్చావు. నేను పొట్లం పక్కన పెట్టి సముద్రం వైపు తిరిగాను, కళ్లు తుడుచుకోవడం నీ కంటపడకూడదని. ఆ కన్నీళ్లు నాకు వాపసు కావాలి.

అప్పట్లో మన దగ్గర సినిమాలు ఎక్కడున్నాయిలే, సినిమాల గురించిన రాతలు ఉండేవి. ద్వారకా నగర్‌లో పౌర గ్రంథాలయంలో కూర్చుని పాత పత్రికలు తిరగేసి, సినిమా పేరు, దర్శకుడు, దేశం, సంవత్సరం ఒక లాంగ్ నోట్‌బుక్‌లో ఎక్కించుకునేవాళ్లం. ఆ పుస్తకం నా దగ్గరే ఉంది. నూటపద్నాలుగు పేర్లు, తొమ్మిది టిక్కులు. ఆ తొమ్మిదిలో ఎక్కువ దూరదర్శన్ పుణ్యమే. ఆదివారం మధ్యాహ్నం ఇంట్లో అందరూ భోంచేసి నడుం వాల్చాక, మనిద్దరం మలయాళమో బెంగాలీయో అస్సామీయో, వచ్చిందల్లా చూసేవాళ్లం, కింద ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కుంటూ. సరిగ్గా ఆఖరి అరగంటలో కరెంటు పోయేది.

మిగతా నూట అయిదూ చూడకుండానే చూసేశాం. ఒక పేరా కథ చదివి బుర్రలో షాట్లు కూడా వేసేసుకునేవాళ్లం కదా. నా ‘టోక్యో స్టోరీ’ నిండా ట్రాములు, మేడలు, రోడ్ల మీద జనం. తీరా చూస్తే అసలు సినిమాలో టోక్యో అంటే నాలుగు ఇరుకు గదులు, పొగగొట్టాలు, దండెం మీద ఆరేసిన బట్టలు. ఊరు చూపించాల్సిన చోట కూడా కోడలు ఒకరోజు సెలవు పెట్టి టూరిస్టు బస్సులో తిప్పుతుంది, అంతే.

దీని కోసం పడ్డ పాట్లు పెద్దగా చెప్పుకోదగ్గవి కావు గానీ నువ్వు నవ్వుతావని రాస్తున్నాను. నువ్వు ఉద్యోగమని వెళ్లిపోయాక డాబా గార్డెన్స్‌లో క్యాసెట్లు అద్దెకిచ్చే అతన్ని జపాన్ సినిమా ఉందా అని అడిగాను. కరాటేది చేతిలో పెట్టాడు. 2008లో యూటీవీ వరల్డ్ మూవీస్ ఛానెల్ వచ్చిందని తెలిసి కేబుల్ అబ్బాయి చుట్టూ తిరిగితే, “ఈ లైన్లో అది అడిగింది మీరొక్కరే సార్” అన్నాడు జాలిగా. ఆ తర్వాత మా పెద్దమ్మ కొడుకు అమెరికా నుంచి డీవీడీయే తెచ్చిపెట్టాడు. మా ప్లేయర్ దాన్ని మింగి, కాసేపు గిరగిరా తిప్పి, బయటికి ఉమ్మేసింది. ఒక ప్రాంతం డిస్కు ఇంకో ప్రాంతం ప్లేయర్లో ఆడదట, అమెరికా డిస్కు రీజియన్ 1, మన దేశం రీజియన్ 5. సినిమాకి కూడా వీసా ఉంటుందని అప్పుడే తెలిసింది నాకు. ఇక నా క్యాసెట్ల పెట్టె సంగతి అడక్కు. సముద్రపు గాలికి టేపుల మీద తెల్లగా బూజు పట్టింది, తుడిచి తుడిచి దాచుకుంటే 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చి కిటికీతో సహా పట్టుకుపోయింది. ఆ వారం కరెంటే లేదు, క్యాసెట్లకి ఎవడు ఏడుస్తాడు.

ఇప్పుడు మంచి కాపీ దొరికింది. దొరికిన రోజు చూసెయ్యచ్చు కదా అంటావు. చూసేవాడినే. అమ్మ అడ్డు తగిలింది. ఒకరాత్రి పక్కన వచ్చి కూర్చుని, “రోజూ ఒక్కడివీ చూస్తావేంటిరా, ఎవరూ ఏమీ అరవరు, కథేంటి?” అంది. చెప్పడం మొదలుపెట్టాను. చెబుతున్నది చూడని సినిమా అని, అందులో ప్రతి ముక్కా నీ నోట్లోంచి ఊడిపడిందేనని సగంలో తట్టింది. ఆపేశాను. అమ్మకి ఇంగ్లీషు రాదు కాబట్టి తెలుగు సబ్‌టైటిళ్లు రాస్తానని, అప్పుడే ఇద్దరం కలిసి చూద్దామని మాటిచ్చేశాను.

ఆ మాట నా దుంప తెంచింది బావా. నాకు దొరికిన ఇంగ్లీషు ఫైలు యూరప్ డిస్కుది. అక్కడి టీవీలది పాల్ అనే పద్ధతి, సెకనుకి 24 ఫ్రేములు తిరగాల్సిన సినిమాని 25 తిప్పుతారు. ఒక్క ఫ్రేమే కదా అనుకుంటాం. దాంతో 136 నిమిషాల సినిమా 130న్నరకే అయిపోతుంది. నా కాపీ 24ది. మొదటి సీనులో అక్షరాలు బుద్ధిగానే ఉన్నాయి. గంటయ్యేసరికి రెండు నిమిషాలకి పైగా ముందు పరిగెడుతున్నాయి. ఎలా ఉందో చూద్దామని చివరికి జరిపితే, పెద్దావిడ పక్కమీద ఇంకా ఊపిరి తీస్తోంది, కింద అక్షరాల్లో ఏడుపులు అయిపోయాయి. సినిమా మిగతాదంతా చూసేస్తానన్న భయంతో ఒక కన్ను మూసుకుని ఒక్కో వాక్యం జరుపుతూ మూడు రాత్రులు కూర్చున్నాను. నాలుగో రాత్రి మావాడు వచ్చి, ఫ్రేమ్ రేటు 25 అన్నచోట 24 కొట్టి, నీళ్లు తాగి వెళ్లి పడుకున్నాడు.

అసలు చిక్కు అక్కడ లేదు, వరసల్లో ఉంది. ఇంగ్లీషు వాళ్లకి అందరికీ ఒకటే ‘యూ’. పెళ్లాం మొగుణ్ని ఏమండీ అనాలా, కొడుకు తండ్రిని మీరు అనాలా నువ్వు అనాలా, ఆ అక్షరాలు చెప్పవు. సిస్టర్ అంటే అక్కా చెల్లా తెలీదు. అప్పుడు ఇంగ్లీషు వదిలేసి చెవి పెట్టి జపాన్ మాటలే వినడం మొదలుపెట్టాను. చిన్న కూతురు విధవరాలైన వదినని ‘ఒనేసాన్’ అని పిలుస్తుంది. అక్కనీ అలాగే పిలుస్తారట. ఇంగ్లీషులో అది ఉట్టి పేరైపోయింది, నేను సుబ్బరంగా ‘వదినా’ అని రాసుకున్నాను. ఆ ఒక్క మాటతో సీనంతా మనింట్లో జరుగుతున్నట్టు అయిపోయింది.

కోడలు మామగారిని ‘ఒతోసామా’ అంటుంది, అంటే నాన్నగారూ అని. నాన్నగారూ అని రాయనా, మావయ్యగారూ అని రాయనా? చివర్లో ఆయన, కన్నపిల్లల కంటే నువ్వే మాకు ఎక్కువ చేశావమ్మా అంటాడు కదా, అక్కడ ‘నాన్నగారూ’ పడితే బావుంటుందని నాకు అనిపించింది. అమ్మని అడిగాను. “కోడలు కోడలేరా. మావయ్యగారూ అనే ఏడవనీ, అప్పుడే దాని గొప్ప” అంది. అలాగే ఉంచేశాను. ఈ పని చేశాక ఇన్నేళ్లూ సబ్‌టైటిళ్లతో చూసిన సినిమాల్లో ఎన్ని బంధుత్వాలు గంగలో కలిశాయో అని బెంగ పట్టుకుంది.

ఇక మన లిపి గోల. పెన్‌డ్రైవ్ టీవీకి పెడితే తెలుగు బదులు వరసగా పెట్టెలు పడ్డాయి, గోదాం లెక్కల్లాగా. ఇంకో ప్లేయర్లో అక్షరాలొచ్చాయి గానీ వత్తులు విడిపోయి పక్కన నిలబడ్డాయి. చివరికి అక్షరాలని బొమ్మలోకే అచ్చు దింపాం. పైగా అమ్మ నెమ్మదిగా చదువుతుంది, మన మాటలేమో బారెడు. నాలుగు వాక్యాలు రాసి మూడు కొట్టేయడమే పని. ఓజు మనుషులు తక్కువ మాట్లాడతారు కాబట్టి బతికిపోయాను.

నిన్న సాయంత్రానికి ప్రొజెక్టర్ అరువు దొరికింది. ప్రేక్షకులు అమ్మ, మా ఆవిడ, పోర్టులో చేసి రిటైరైన పక్కింటి మావయ్యగారు, సందు చివర ఇడ్లీలు వేసే ఆవిడ. మావాడు మధ్యమధ్యలో. దుప్పటి అంచులకి ఇటుకలు కట్టినా గాలికి ఉబ్బుతూనే ఉంది, హీరోయిన్ బుగ్గలు వాచినట్టు కనిపించాయి.

మొదటి సీనే ముసలాయన ప్రయాణానికి సర్దుకుంటూ గాలి దిండు నీ దగ్గరుందంటాడు, ఆవిడ మీకే ఇచ్చానంటుంది, కాసేపటికి అది ఆయన సంచిలోనే దొరుకుతుంది. అమ్మ పకపకా నవ్వేసింది, “మీ నాన్నే!” అని. తర్వాత, “కెమెరా అబ్బాయి కింద చాప మీద కూర్చున్నాడేంటి?” అంది. ఓజు కెమెరా నేల మీద కూర్చున్న మనిషి కంటి ఎత్తుకి దిగి ఉంటుందని ఎన్ని పుస్తకాల్లో చదివాం రా మనం! పీట మీద కూర్చుని అన్నం తిన్న మనిషికి ఎవరూ చెప్పక్కర్లేకపోయింది.

పెద్ద కూతురిది బ్యూటీ పార్లర్. వచ్చినవాళ్లెవరని ఎవరో అడిగితే, కన్న అమ్మానాన్నల్ని పట్టుకుని ఊరి నుంచి వచ్చిన తెలిసినవాళ్లు అంటుంది. ఇడ్లీల ఆవిడ ఒక్కసారిగా “దీని మొహం మండా” అంది, ఆ తర్వాత గంట వరకు ఏమీ అనలేదు. ఆవిడ కూతురు హైదరాబాద్‌లో ఉంటుంది. అతామి అనే బీచ్ ఊళ్లో సముద్రం గోడ మీద ముసలాళ్లిద్దరూ కూర్చుని లేవబోతే పెద్దావిడకి కళ్లు తిరుగుతాయి. మావయ్యగారు నా వైపు వంగి, “బీపీ. మాత్రలు తెచ్చుకోలేదు” అన్నారు. ఆ తర్వాత, “ఇది మన కంచరపాలెం సినిమాలాగుందయ్యా, అందరూ మనుషుల్లాగే ఉన్నారు” అని కూడా అన్నారు. 2018లో అది వచ్చినప్పుడు కంచరపాలెం వాళ్లు తమ వీధివాళ్లు కొందరు తెర మీద కనబడ్డారని ఇప్పటికీ చెప్పుకుంటారు.

అయ్యాక ఎవరూ లేవలేదు. హార్బర్ వైపు నుంచి ఓడ కూత వినబడింది, అదింకా సినిమాలోదే అనుకున్నాం. నేను పెద్ద కూతుర్ని తిట్టబోతే అమ్మ ఆపింది. “చెడ్డదేం కాదురా. దానికి షాపుంది.” ఒక నిమిషం ఆగి, “ఆ గాలి దిండు ఎవరు తీసుకున్నారు?” అంది. తల్లి అంత్యక్రియలయ్యాక భోజనాల దగ్గరే ఆ కూతురు ఆవిడ బట్టలు అడుగుతుంది కదా, దిండు సంగతి మాత్రం ఎవరూ ఎత్తలేదు. నేను ఇంతవరకు జవాబు చెప్పలేదు.

నీకు తెలుసో లేదో, ఈ సినిమా అసలు నెగటివ్ ల్యాబులో మంటలకి పోయింది. ఉన్న కాపీల నుంచే మళ్లీ శుభ్రం చేసి నిలబెట్టారు. 1953లో తీస్తే అమెరికా హాళ్లకి 1972లో చేరింది, అంతవరకు ఇది బయటివాళ్లకి అర్థం కాదని జపాన్ వాళ్లే అనుకున్నారట. 2012లో ప్రపంచంలోని దర్శకులు ఓట్లేసి మొదటి స్థానంలో పెట్టారు. మనదో? 1932 నాటి మన మొదటి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’ రీలు ఒక్కటి లేదు. పుణెలో ఫిల్మ్ ఆర్కైవ్ పెట్టేసరికే 1964, అప్పటికే ఎన్ని ప్రింట్లని వెండి కోసం కరిగించేశారో. సరేలే, దీని మీద నాకు కోపం వస్తే ఇంకో నాలుగు పేజీలు అవుతుంది.

అసలు సంగతికి వస్తాను. వాన అబద్ధం, ప్లాట్‌ఫారం అబద్ధం, కొడుకు అబద్ధం. కానీ వాచీ ఉందిరా. ముసలాయన ఇంట్లో కూర్చుని, పోయిన భార్య వాచీ తీసి కోడలికి ఇస్తాడు. తర్వాత రైల్లో ఆ పిల్ల దాన్ని చేతిలో పట్టుకుని చూసుకుంటుంది. వాచీ, కోడలు, రైలు, మూడూ నువ్వు చెప్పినవే. మన నోట్‌బుక్‌లో కథ రాసుకున్న పేజీ మళ్లీ తీసి చూశాను. అందులో వాచీ మాట లేదు. మరి నీకెలా తెలిసింది? మద్రాసులో నిజంగానే చూసి, సగంలో నిద్రపోయి, మిగతాది కల్పించావా? లేక చూసీ, నాకు వాన కావాలని వాన పెట్టావా?

ఫోన్లో చెప్పకు, నవ్వేసి తప్పించుకుంటావు. కాగితం మీద రాసి పంపు. చెల్లెమ్మని అడిగానని చెప్పు.

నీ
బావ