కివిర్యాహ్క్‌ను ఇంగ్లీషు మీదుగా పంపకండి: ఎస్టోనియా సాంస్కృతిక శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రి గారికి,

నమస్కారం. అంద్రుస్ కివిర్యాహ్క్ నవలలు తెలుగులోకి రావాలని మా కోరిక. వస్తే ఎస్టోనియన్ నుంచి నేరుగా రావాలి. ఇంగ్లీషు ప్రతి పక్కన పెట్టుకుని తెలుగు చేయడం తేలిక, చేయగలిగినవాళ్లు మా దగ్గర చాలామంది ఉన్నారు. కానీ ఆ దారిలో ఏమేం జారిపోతాయో, అవి జారిపోకుండా మీ శాఖ ఏం చేయగలదో చెప్పడానికే ఈ లేఖ.

దీన్ని మా పాఠకులూ చదువుతారు కాబట్టి ఆయన గురించి నాలుగు మాటలు. కివిర్యాహ్క్ 1970 ఆగస్టు 17న తాల్లిన్‌లో పుట్టారు. ఆ పేరులో మూడో అక్షరం ‘రా’ కాదు, ‘ర్యా’కు దగ్గర. ‘వచ్చాడు’ అని మామూలుగా మాట్లాడేటప్పుడు ‘చా’లో మనవాళ్లు పలికే అచ్చే అది. తార్తు విశ్వవిద్యాలయంలో జర్నలిజం చదివి పత్రికల్లో పనిచేశారు. ఇవాన్ ఒరవ్ అనే కల్పిత ముసలాయన నోట గత శతాబ్దపు ఎస్టోనియా చరిత్రను తలకిందులుగా చెప్పించిన పుస్తకం 1995లో వచ్చింది, దానితో దేశమంతా ఆయన్ని గుర్తుపట్టింది. ఆ తర్వాతి నవలల్లో ముఖ్యమైనవి 2000లో ‘రెహెపాప్’ (దానికే మరో పేరు ‘నవంబర్’), 2007లో ‘మేస్, కెస్ తెఆదిస్ ఉస్సిసొను’. ఇవికాక నాటకాలు, పిల్లల పుస్తకాలు, లొత్తె అనే కుక్కపిల్ల సినిమాలకు కథలు. ఎస్టోనియా జనాభా పదమూడు, పద్నాలుగు లక్షలు. అంత చిన్న భాషలో ఒకే రచయిత పిల్లలకూ, పెద్దలకూ, నాటకశాలకూ రాసి అందరి నోళ్లలో నానడం మాకు ఆశ్చర్యంగానూ ఉంటుంది, కొంచెం అసూయగానూ ఉంటుంది.

2007 నాటి నవల పేరు దగ్గరే మా వాదన మొదలవుతుంది. అడవిలో బతికిన పాత జనమంతా ఊళ్లలోకి దిగి రొట్టె తినడానికీ, విదేశీ దొరల మతానికీ అలవాటు పడిపోతుంటే, పాములతో మాట్లాడగల చివరి మనిషిగా మిగిలిన లేమెత్ కథ అది. ఇంగ్లీషు ప్రతి 2015లో వచ్చింది, అదీ ఎస్టోనియన్ నుంచి నేరుగా చేసినదే, అనువాదకులు క్రిస్టఫర్ మోస్లీ. దాని పేరు ‘ది మ్యాన్ హూ స్పోక్ స్నేకిష్’. ఆ పేరును తెలుగు చేస్తే ‘పాముభాష మాట్లాడినవాడు’ అవుతుంది. మూలంలో మాట్లాడటం లేదు, భాష అన్న మాటా లేదు. ‘ఉస్సి’ అంటే పాము, ‘సొనద్’ అంటే మాటలు, ‘తెఆదిస్’ అంటే తెలిసి ఉండటం. పాము మాటలు తెలిసినవాడు. ఎస్టోనియా పల్లెల్లో పాముకాటుకు చదివే మంత్రాలను ‘ఉస్సిసొనద్’ అనే అంటారు. మందూ మంత్రమూ ఎరిగిన మనిషిని ‘తెఆద్య’, అంటే తెలిసినవాడు, అంటారు. పాము మంత్రం, తేలు మంత్రం తెలిసినవాడి గురించి వినని తెలుగు పల్లె ఉందా? ఇంగ్లీషు అనువాదకుడు తన భాషలో లేని దాన్ని ‘స్నేకిష్’ అనే కొత్త మాట పుట్టించి నెగ్గుకొచ్చాడు, అది ఆయన ప్రతిభ. తెలుగువాడికి ఆ అవసరమే లేదు. అలాగని ‘మంత్రం’ అని పెట్టేస్తే సరిపోదు. నవలలో మేనమామ వొతెలె దగ్గర కుర్రాడు లేమెత్ నాలుక నొప్పెట్టేదాకా బుసలు సాధన చేస్తాడు. మాట సరిగ్గా పడితే జంతువు లొంగుతుంది, పలుకు తప్పితే లేదు. అది మహిమ కన్నా కసరత్తుకు దగ్గర. అందుకే ‘పాము మాటలు’ అన్నదే నిలుస్తుందని మా అభిప్రాయం. ఇంగ్లీషు ప్రతి ఒక్కటే చేతిలో ఉన్నవాడికి ఈ తర్జనభర్జన చేసే అవకాశమే రాదు.

‘రెహెపాప్’, అంటే పంట ఆరబెట్టి నూర్చే కొట్టాన్ని చూసుకునేవాడు, ఇంకా కష్టం. తెలుగువాడి చేయి ముందు ‘కళ్లం’ వైపు పోతుంది. మన కళ్లం ఎండలో, ఆరుబయట. ఎస్టోనియా శరత్కాలంలో ఎండ లేదు, అంతా చెమ్మ. అక్కడ ‘రెహి’ నాలుగు గోడల మధ్య ఉంటుంది. కప్పు కింద అడ్డంగా వాసాలు, వాటి మీద పనలు, కింద పొగగొట్టం లేని రాతి పొయ్యి. ఆ పొగలో, ఆ సెగలో పనలు ఆరాక నేల మీద పరిచి గింజ రాలేదాకా కొడతారు. మంట తగ్గితే గింజ ఆరదు, ఎక్కువైతే కొట్టం తగలబడుతుంది. ఈ మంటకు కాపలా ఉండేవాడే రెహెపాప్. ‘పాప్’ అంటే వాడుకలో పూజారి కూడా. జర్మను దొరల ఎస్టేటులో వెట్టి బతుకు బతుకుతూ, దొర కళ్లుగప్పి తన జనాన్ని నెట్టుకొచ్చే తెలివైన ముసలి రెహెపాప్ ఈ నవల నాయకుడు. ఉత్తర ఎస్టోనియాలో ఆ దాస్యం 1816లో, దక్షిణాన 1819లో చట్టం ద్వారా రద్దయింది. నవల వచ్చాక ‘రెహెపాప్లుస్’ అనే మాట మీ పత్రికల్లోకి, రాజకీయ చర్చల్లోకి వచ్చింది: పైవాణ్ని బురిడీ కొట్టించి చిన్న చిన్న లాభాలు దండుకునే బుద్ధి. ఒక నవల భాషకు కొత్త మాట ఇవ్వడం ఎంత అరుదో మీకు చెప్పనక్కర్లేదు. మరి తెలుగు ప్రతిలో శీర్షిక ‘కళ్లం కాపరి’ అనో, ‘నవంబర్’ అనో అయితే ఆ మాట ఎక్కడ నిలబడుతుంది?

అదే నవలలో ‘క్రత్’ ఉంటుంది. పాత చీపురు, విరిగిన పనిముట్లు, పగిలిన కుండలు కలిపి కట్టిన బొమ్మ. సైతానుకు మూడు చుక్కల రక్తమిస్తే దానికి ప్రాణం వస్తుంది, యజమాని కోసం పక్కింటి సొమ్ము ఎత్తుకొస్తుంది. పని చెప్పకుండా ఊరుకుంటే యజమాని మీదే పడుతుంది. దాన్ని వదిలించుకోవాలంటే రొట్టెతో నిచ్చెన కట్టమనాలి, ఆ పని చేతకాక అదే మండిపోతుంది. పని చెప్పలేక దయ్యాన్ని కుక్క తోక వంకర తీయమన్న కథ తెలిసిన మాకు ఇది ఇట్టే అర్థమవుతుంది. కివిర్యాహ్క్ ఊరివాళ్లు మరో అడుగు ముందుకేసి, రక్తానికి బదులు బ్లాక్ కరంట్ అనే చిన్న నల్ల పండు రసంతో సైతాన్నే మోసం చేస్తారు. ఫ్రెంచి ప్రతి శీర్షికలోకి ఆ జాతి పండే ఎక్కింది. కృత్రిమ మేధకు మీ ప్రభుత్వం 2019 నుంచి ‘క్రత్’ అన్న పేరే వాడుతోంది. తాల్లిన్‌లో కొలువు చేసే తెలుగు సాఫ్ట్‌వేర్ ఇంజనీరుకు ఆ పేరు వెనక ఉన్న చీపురు, రక్తం కథ తెలియాలంటే ఈ నవలే దారి.

ఇక వ్యాకరణం. మయస్ ఇంట్లో, మయస్త్ ఇంట్లోంచి, మయ్య ఇంట్లోకి. ఇంగ్లీషులో విడిగా ముందు నిలబడే మాటలు ఎస్టోనియన్‌లోనూ తెలుగులోనూ నామం చివరికి అతుక్కుంటాయి. ‘తులెన్’ అంటే రేపు వస్తాననీ, రోజూ వస్తాననీ. మన ‘వస్తాను’ కూడా అంతే. ఇంగ్లీషు రెండింట్లో ఒకటి తేల్చేస్తుంది, తెలుగువాడు మళ్లీ ఆ ముడి విప్పుకోవాలి. అన్నిటికన్నా పెద్ద నష్టం ‘సిన’, ‘తెయె’ల దగ్గర. అవి మన ‘నువ్వు’, ‘మీరు’. కూలివాడు దొరను ఏమన్నాడు, దొర వాణ్ని ఏమన్నాడు అన్నది మూలంలో కళ్లకు కట్టినట్టు ఉంటుంది. ఇంగ్లీషులో రెండూ ఒకే మాట. అక్కడి నుంచి చేసే తెలుగు అనువాదకుడు ప్రతి సంభాషణలోనూ ఊహించుకోవాలి. ఎదురు చిక్కు కూడా ఒకటుంది: ఎస్టోనియన్ ‘త’ ఆడా మగా చూడదు, తెలుగు చూస్తుంది. మాట్లాడే పామును ‘అది’ అనాలా, ‘వాడు’ అనాలా అన్నది మూలం చదివినవాడు ఆలోచించి తేల్చాలి, ఇంగ్లీషు తేల్చినదాన్ని ఎత్తి రాయకూడదు.

ఫ్రెంచిలో జరిగిందే మాకు ఆదర్శం. జ్యాఁ-పియేర్ మినోదియే ఎస్టోనియన్ నేర్చుకుని నేరుగా చేశారు, వెనక చరిత్ర వివరిస్తూ మలిమాట రాశారు. పాము మాటల నవల ఫ్రెంచిలో 2013లో వచ్చి, మరుసటి ఏడాది గ్రాఁ ప్రి ద లిమాజినేర్ విదేశీ నవల బహుమతి అందుకుంది.

మీ సంస్కృతి నిధి మద్యం, పొగాకు, జూదం పన్నుల వాటాతో నడుస్తుంది. అందులోని త్రదుక్త పథకం విదేశీ ప్రచురణకర్తకు అనువాద ఖర్చులో సాయపడుతుంది. మంచి పథకం, కానీ అనువాదకుడు దొరికాకే అది పనికొస్తుంది. మా చిక్కు అంతకు ముందు మెట్టు మీద ఉంది. దీర్ఘకాల నివాసానికి మీరు అడిగే బీ1 స్థాయి, అంటే మధ్యస్థ స్థాయి, ఎస్టోనియన్‌తో దుకాణంలో పని జరుగుతుంది, కివిర్యాహ్క్ ముసలాళ్ల మాట పట్టుబడదు.

కాబట్టి తార్తులో ఒక తెలుగు మనిషికి ఏడాదిపాటు భాష నేర్చుకునే వేతనం ఇప్పించండి. మీ దేశంలో ఇప్పటికే ఉంటున్న తెలుగువాళ్లకు మొదటి అవకాశం ఇవ్వండి, వాళ్లకు చలీ చెమ్మా పొయ్యీ కొత్త కాదు. ఏడాది చివర ‘రెహెపాప్’లో మొదటి మూడు రోజులు తెలుగు చేయించండి. ఆ నవల నవంబరు ఒకటి నుంచి ముప్పై దాకా రోజుకో అధ్యాయం కాబట్టి ముక్క తెగ్గొట్టడం తేలిక. తెలుగు బాగా రాసే మరొకరు దాన్ని గట్టిగా చదివి విని దిద్దాలి. ఆ దిద్దుబాటుకూ డబ్బివ్వండి, అందరూ మరిచిపోయే ఖర్చు అదే. మీ రచయితల సంఘానికి క్యాస్ము అనే ఊళ్లో ఉన్న ఇంట్లో ఆ ఇద్దరికీ రెండు వారాలు చోటిస్తే రచయితనే అడిగి సందేహాలు తీర్చుకోవచ్చు. రెహి, పనిముట్లు, చెట్లు, పండ్లు, దయ్యాల పేర్లు ఓ ఐదు వందలు మీ భాషా సంస్థ నడిపే సొనవేబ్ నిఘంటువులో తెలుగు అర్థాలతో, వీలైతే బొమ్మలతో చేర్పించండి. మా వైపు నుంచి ఆ ఐదు వందల మాటల మొదటి జాబితా తయారుచేసి మీ శాఖకు పంపడానికి సిద్ధంగా ఉన్నాం.

ఇట్లు,
ఎస్టోనియన్ కథ, నవల చదివే తెలుగు పాఠకులు, అనువాదకులు