వాటర్ పంపు సంగతి తేలాకే తిరుమల

కడప,
ఆదివారం

బావా,

నిన్న ఫోనులో తిరుమల ప్రయాణం గురించి చెబుతూ మధ్యలో ఒక మాట అనేసి దాటిపోయావు. "ఈ మధ్య బండి కాస్త వేడెక్కుతోంది, వారానికి ఒకసారి నీళ్లు పోస్తే సరిపోతోంది" అన్నావు. ఆ తర్వాత నువ్వు చెప్పిన కబుర్లేవీ నా చెవికెక్కలేదు. పిల్లల్ని, అత్తయ్యని ఎక్కించుకుని ఆ బండిలో కొండెక్కుతావని తలుచుకుంటేనే గుండె దడదడలాడుతోంది. ఇదంతా ఫోనులో చెబితే సగం వింటావు, సగం మరిచిపోతావు. అందుకే రాస్తున్నాను. తీరిగ్గా చదువు. మెకానిక్ దగ్గరికి వెళ్లేటప్పుడు ఈ ఉత్తరం జేబులో పెట్టుకుని వెళ్లు.

కారుకు నీళ్లు తాగే అలవాటు లేదు, బావా. రేడియేటర్, ఇంజను, వాటిని కలిపే రబ్బరు గొట్టాలు, అన్నీ మూసి ఉన్న ఒకే దారి. లోపల పోసిన కూలెంట్, అంటే ఇంజనును చల్లబరిచే రంగు ద్రవం, ఆ దారిలోనే తిరుగుతుంది. బండి బాగుంటే నెలల తరబడి డబ్బాలో మట్టం దాదాపు కదలదు. వారం వారం పోయాల్సి వస్తోందంటే ఎక్కడో ఒకచోట బయటికి పోతోందన్నమాట. దానికి తోడు, పొద్దున స్టార్ట్ చేయగానే బెల్టు వైపు నుంచి సన్నగా కూత వస్తోందనీ, నిలిపిన చోట పచ్చటి మరక కనిపిస్తోందనీ నువ్వే చెప్పావు. మూడూ కలిపి చూస్తే నా అనుమానం వాటర్ పంపు మీదికే పోతోంది.

ఆ పంపు చేసే పని చాలా చిన్నది. ఇంజను తిరిగితే బెల్టు తిరుగుతుంది, బెల్టుతో పాటు పంపు పుల్లీ, దాని ఇరుసుకు అవతలి కొసన ఉన్న రెక్కల చక్రం తిరుగుతాయి. ఆ రెక్కలు కూలెంట్‌ను ఇంజను లోపలికి తోస్తాయి. అక్కడ వేడి పట్టుకున్న కూలెంట్ రేడియేటర్‌లో చల్లారి మళ్లీ వెనక్కి వస్తుంది. ఇరుసు ఒక బేరింగు మీద తిరుగుతుంది. కూలెంట్ ఆ బేరింగులోకి పోకుండా మధ్యలో ఒక సీలు కాపలా ఉంటుంది. మామూలుగా ముందు అరిగేది ఆ సీలే. సీలు పోయాక బేరింగులోకి తడి చేరుతుంది, గ్రీజు కొట్టుకుపోతుంది, ఆ తర్వాతే కూత మొదలవుతుంది. నీ బండి ఇప్పటికే కూత దాకా వచ్చింది, అదే నాకు భయం.

పంపు ఒంటి మీద, ఇరుసుకు అడుగున, పెసరగింజ దూరేటంత రంధ్రం ఒకటి ఉంటుంది. సీలు దాటి వచ్చిన ద్రవం బేరింగు మీద పడకుండా బయటికి కారిపోవడానికి తయారుచేసినవాళ్లే పెట్టిన దారి అది. పోయిన వేసవిలో మా బండి పంపు మార్పించినప్పుడు దాన్ని దగ్గరగా చూశాను. ఆ రంధ్రం కింద కూలెంట్ ఎండి గులాబీ రంగు పొరలా గట్టిపడి ఉంది, అంచున తెల్లటి ఉప్పు పేరుకుంది. విప్పిన పంపు చేతిలోకి తీసుకుని పుల్లీ తిప్పితే లోపల ఏదో గరగరమని వేళ్లకు తగిలింది. పుల్లీ అంచు పట్టుకుని అటూ ఇటూ ఊపితే కదిలింది. మంచి పంపు ఇరుసు అలా వెంట్రుకవాసి కూడా ఊగకూడదు. రెక్కల చివర్లు చిల్లులు పడినట్టు గుంటలు గుంటలుగా తినేసి ఉన్నాయి. బండి అప్పటికింకా ఎక్కడా ఆగలేదు, ఇంజను వేడి చూపించే ముల్లు కూడా పైకి పోలేదు. అయినా ఆ పంపు గువ్వలచెరువు ఘాట్ ఎక్కడానికి పనికిరాదని చూడగానే తెలిసిపోయింది. ఆ రంధ్రానికి ఎంసీల్ అంటించి కారడం ఆపేస్తామనేవాళ్లు నీకూ తగలవచ్చు. వద్దను. బయటికి పోవాల్సిన తడి అప్పుడు నేరుగా బేరింగులోకే పోతుంది.

నీ అంతట నువ్వు చూసుకోగలిగినవి చెబుతాను, అన్నీ ఇంజను చల్లగా ఉన్నప్పుడే. రాత్రి బండి పెట్టేటప్పుడు ముందు భాగం కింద తెల్లటి అట్టముక్క పరిచిపెట్టు. మన ఎండలకు ఏసీ నీళ్లు కారి బండి కింద మడుగు కడుతుంటాయి, వాటిని చూసి కంగారుపడకు. ఏసీ నీటికి రంగు ఉండదు, వాసన ఉండదు, వేలికి జిగురు తగలదు. కూలెంట్ అయితే రంగు ఉంటుంది, కాస్త తీపి వాసన వేస్తుంది, వేళ్ల మధ్య జారుతుంది. పొద్దున టార్చి లైటు పట్టుకుని బెల్టు పక్కన చూడు. పంపు నుంచి కింది దాకా ఎండిన చార కనిపిస్తే ఇక అనుమానం లేదు. కొన్ని బండ్లలో పంపు టైమింగ్ బెల్టు (పిస్టన్లు, వాల్వులు ఒకే లయలో కదిలేలా చూసే లోపలి బెల్టు) మూత వెనక దాక్కుని ఉంటుంది, అక్కడ చార బయటికి కనబడదు. మూత అడుగు నుంచి కారిందా అని చూడాలి.

ముల్లు మీద మాత్రం మరీ నమ్మకం పెట్టుకోకు. చాలా కార్లలో అది మధ్యలో స్థిరంగా నిలబడేటట్టు చేసి ఉంటారు. కదలడం మొదలుపెట్టిందంటే లోపల వేడి అప్పటికే బాగా పెరిగిందన్నమాట. ఇంకొకటి, కూలెంట్ మరీ తగ్గిపోయి సెన్సార్ గాలిలో తేలితే ఇంజను కాలిపోతున్నా ముల్లు చల్లగానే చూపించవచ్చు. ఇది చాలామందికి తెలియదు.

ఒక్క పంపునే పట్టుకుని మిగతావి వదిలేయమనడం లేదు. ట్రాఫిక్‌లో నిలబడ్డప్పుడు వేడెక్కి, రోడ్డెక్కగానే చల్లబడితే ఫ్యాను పనిచేస్తోందా అని ముందు చూడాలి. మరక ఎక్కడా లేకుండా కూలెంట్ మాయమవుతూ, పొగ తెల్లగా తీపి వాసనతో వస్తుంటే అది హెడ్ గ్యాస్కెట్, అంటే ఇంజనుకూ దాని పై భాగమైన హెడ్డుకూ మధ్య ఉండే పలచటి పొర, వ్యవహారం. దాని దారి వేరు. నీ బండికి మరక ఉంది, కూత ఉంది కాబట్టి నేను పంపు అంటున్నాను. మెకానిక్ చేత వ్యవస్థ మొత్తానికి ప్రెషర్ పెట్టించి చూపించుకో. ఎక్కడ కారుతోందో కళ్లముందే తేలిపోతుంది.

ఇక మార్పించే పని. టైమింగ్ బెల్టుతో తిరిగే పంపా, బయటి బెల్టుతో తిరిగే పంపా అని మొదట అడుగు. బయటి బెల్టు అయితే పని తేలిక. టైమింగ్ బెల్టు అయితే బెల్టు, దాన్ని బిగువుగా పట్టి ఉంచే టెన్షనర్, దాని పక్క చక్రాలు, పంపు, అన్నీ ఒకేసారి మార్పించు. విప్పే కూలీ ఎలాగూ ఒకటే. పాత బెల్టు మీద కూలెంట్ కారి ఉంటే దాన్ని మళ్లీ ఎక్కించనివ్వకు. పంపు బిగుసుకుపోయి బెల్టు పళ్లు దాటితే చాలా ఇంజన్లలో పిస్టన్లు వాల్వులను గుద్దుతాయి. అప్పుడు ఇంజను మొత్తం విప్పాల్సిందే. బెల్టు ఎక్కించాక స్టార్ట్ చేసే ముందు ఇంజనును స్పానర్‌తో చేత్తో పూర్తిగా రెండు చుట్లు తిప్పి, చక్రాల మీది టైమింగ్ గుర్తులు మళ్లీ కలిశాయా అని చూడమని చెప్పు. మంచి మేస్త్రీ అయితే నువ్వు చెప్పకముందే ఆ పని చేస్తాడు.

నాకు మేస్త్రీ పనితనం తెలిసేది గ్యాస్కెట్ గీకేటప్పుడు. పంపుకూ ఇంజనుకూ మధ్య కారకుండా వేసే పొర అది. పాత గ్యాస్కెట్ ముక్కలు ఇంజను ముఖానికి అతుక్కుని ఉంటాయి. చాలా బండ్లలో ఆ ముఖం అల్యూమినియం, మెత్తటి లోహం. తొందరపడి స్క్రూడ్రైవర్‌తో గీకితే గీత పడుతుంది, ఆ గీత వెంట కొత్త పంపు కూడా కారుతుంది. మా బండికి చేసిన పెద్దాయన బ్లేడును పడుకోబెట్టి, ఓపికగా, అరచేయి ఆనించి తడుముతూ శుభ్రం చేశాడు. బోల్టులు ఏ రంధ్రంలోంచి వచ్చినవి ఆ వరుసలోనే అట్ట మీద గుచ్చి పెట్టాడు, ఎందుకంటే వాటిలో పొడవువి, పొట్టివి ఉంటాయి. పొడవుది పొట్టి రంధ్రంలో బిగిస్తే ఇంజను ఒళ్లు పగులుతుంది. బిగించేటప్పుడు ఎదురెదురు బోల్టులు కొద్దికొద్దిగా తిప్పుకుంటూ వచ్చి, చివర, ఎంత బిగువో కొలిచి బిగించే టార్క్ రెంచ్‌తో ముగించాడు. అలాంటి చేతుల్లో బండి పెడితే నిశ్చింతగా నిద్రపోవచ్చు. కర్నూలులో అలాంటివాళ్లకు కొదవ లేదు, నలుగురినీ అడిగి పట్టుకో.

దీనికంతటికీ ముందు ఇంకొక మెకానిక్‌కు చూపించాను. ఆయన, థర్మోస్టాట్ తీసి పారేస్తే మన ఎండలకు చల్లగా ఉంటుందన్నాడు. ఈ మాట నీకూ ఎవరో ఒకరు చెబుతారు, వినకు. కూలెంట్ 82 నుంచి 90 డిగ్రీల మధ్య వేడెక్కేదాకా రేడియేటర్ వైపు దారి మూసి ఉంచడం దాని పని. అది లేకపోతే ఇంజను చల్లగా నడిచి డీజిల్ ఎక్కువ తాగుతుంది, అరుగుదల పెరుగుతుంది. కొన్ని ఇంజన్లలో పక్కదారి తెరుచుకునే ఉండిపోయి, వేడి కూలెంట్ రేడియేటర్ మొహం చూడకుండానే తిరిగి వస్తుంది. అప్పుడు వేడి ఇంకా పెరుగుతుంది. అనుమానముంటే కొత్తది వేయించు, తీసేయడం మాత్రం వద్దు.

నువ్వు పోస్తున్నది ఏ నీళ్లు, బావా? బోరు నీళ్లయితే వెంటనే మానెయ్యి. మన జిల్లాల బోరు నీళ్లలో ఉప్పు ఎంతో గీజర్ కాయిల్ విప్పి చూస్తే తెలుస్తుంది. అదే గార రేడియేటర్ సన్న గొట్టాల్లో పేరుకుంటుంది, పంపు సీలును రాపిడి పెడుతుంది. కొత్త పంపు వేసే ముందు వ్యవస్థ మొత్తం కడిగించు. ఆ తర్వాత కూలెంట్ సగం, డిస్టిల్డ్ వాటర్ సగం పోయించు. కలిపి అమ్మే కూలెంట్ కొంటే దానిలో మళ్లీ నీళ్లు కలపకూడదు. రంగు చూసి కొనకు, బండి పుస్తకంలో ఏ రకం రాసి ఉందో అదే తీసుకో. వేర్వేరు రకాలు కలిస్తే తుప్పును ఆపే గుణం తగ్గిపోతుంది. తీసిన పాత కూలెంట్‌ను ఎక్కడపడితే అక్కడ పారబోయనివ్వకు. తీపిగా ఉంటుందని కుక్కలు నాకుతాయి, ప్రాణం పోతుంది. డబ్బాలో పట్టించి షెడ్డువాళ్లకే అప్పజెప్పు.

పోశాక లోపల గాలి చిక్కుకోకుండా చూడాలి. హీటర్ పూర్తి వేడి మీద పెట్టి, బండి ముందు భాగం కాస్త ఎత్తులో ఉంచి, ఫ్యాను తిరిగి ఆగే వరకు ఇంజను నడపాలి. హీటర్ నుంచి వేడిగాలి బాగా వస్తే కూలెంట్ సరిగా తిరుగుతున్నట్టే. మరునాడు పొద్దున చల్లగా ఉన్నప్పుడు మట్టం మళ్లీ చూసుకో. కొత్త సీలు కుదురుకునేటప్పుడు మొదట్లో ఒకటి రెండు చుక్కలు కారితే బెంగపడకు, ఆగకుండా కారితే మాత్రం తిరిగి తీసుకెళ్లు.

కర్నూలు నుంచి నంద్యాల, ఆళ్లగడ్డ, మైదుకూరు మీదుగా మా ఇంటి దాకా దారి చాలావరకు చదునే. పంపు మార్చకపోయినా బండి హాయిగా వచ్చేసినట్టే ఉంటుంది. అసలు బరువు పడేది తిరుమల రెండో ఘాట్‌లో. వేగం తక్కువ, ఎదురుగాలి తక్కువ, ఇంజనుకు శ్రమ ఎక్కువ. అక్కడ పై గేరులో ముక్కుతూ ఎక్కించకు. కింది గేరులో ఇంజను కాస్త వేగంగా తిరిగితే పంపు కూడా వేగంగా తిరిగి కూలెంట్‌ను ఎక్కువగా తోస్తుంది. ఎప్పుడైనా ముల్లు పైకి పోతుంటే ఏసీ ఆపి, హీటర్ పూర్తిగా పెట్టి, చోటు దొరకగానే పక్కకు తీసి ఇంజను ఆపెయ్యి. రేడియేటర్ మూత ముట్టుకోవద్దు. సగం సగం కలిపిన కూలెంట్ మామూలు గాలిలో 107 డిగ్రీల దగ్గర మరుగుతుంది, మూత ఒత్తిడి పట్టి ఉంచితే 125 దాకా వెళ్లినా మరగదు. మూత తిప్పావో, ఆ ఒత్తిడి పోయి అంతా ఒక్కసారిగా మరిగి ముఖం మీదికి ఎగజిమ్ముతుంది. కాలుతున్న ఇంజనులో చన్నీళ్లు పోసినా హెడ్డు పగలవచ్చు. బ్యాటరీ దీపం, వేడి దీపం రెండూ ఒకేసారి వెలిగితే బెల్టు తెగిందనుకుని అక్కడికక్కడే ఆగు, ఒక్క మలుపు కూడా ముందుకు పోవద్దు.

ఈ వారంలోనే బండి చూపించి, ఏం తేలిందో నాకు ఫోను చెయ్యి. సరైన పంపు అక్కడ దొరకకపోతే బండి మోడలు, తయారైన సంవత్సరం, ఇంజను నంబరు పంపించు. ఇక్కడి షాపుల్లో వెతికి కర్నూలు బస్సులో వేయిస్తాను. పని పూర్తయ్యాక కనీసం రెండు మూడు రోజులు ఊళ్లో నడిపి చూడు, ఆ తర్వాతే ప్రయాణం. తేదీ మారినా పరవాలేదు, మా చెల్లెమ్మకు నేను చెప్పుకుంటాను. వచ్చేటప్పుడు ఒక రాత్రి మా ఇంట్లో ఆగాల్సిందే. పొద్దున ఒంటిమిట్ట రాముణ్ణి చూసుకుని మీరు బయలుదేరవచ్చని మీ చెల్లెలు అంటోంది, గువ్వలచెరువు పాలకోవా తెప్పించి పెడతానంటోంది. అత్తయ్యకు నా నమస్కారాలు చెప్పు.

ఇట్లు,
నీ బావ